అరచేతి కిటికీలు

పొద్దున్నే చేతికున్న రెండు తొడుగుల్లో పైది విప్పి జేబులో కుక్కుకుని, ట్యాంకు గోడకున్న చిన్న రేకు మూతను పక్కకు జరిపి, లోపలి ఉక్కు మీద అరచెయ్యి ఆనిస్తాను. చలి మోచేతి దాకా పాకుతుంది. సరిగ్గా అప్పుడే, ఎక్కడినుంచి వస్తుందో గానీ, ముక్కుకు పచ్చి పామాయిల్ వాసన తగులుతుంది. ఉడికిన క్యారెట్టు వాసనలో కాస్త పాత బెల్లం వాసన కలిసినట్టుంటుంది అది. చుట్టూ చూస్తే తెల్లగా మంచుకొండలు, వాటి కింద మేం తవ్వుతున్న సొరంగం నోరు, రేకుల షెడ్లు. హిమాచల్‌లో ఈ లాహౌల్ వైపు పామాయిల్ చెట్టు అన్న మాట విన్నవాళ్ళే తక్కువ. అయినా ఆ వాసన వస్తుంది, నేను ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటాను, పక్కనున్నవాళ్ళు మేడమ్‌కు చలి తగిలిందనుకుంటారు.

ఈ ట్యాంకులో నాలుగు లక్షల లీటర్ల నీళ్ళుంటాయి. క్యాంపులో వంటకూ తాగడానికీ ఇవే, సొరంగంలో నిప్పంటుకుంటే ఆర్పడానికీ ఇవే. చలికాలంలో ఇవి గడ్డకట్టకుండా చూడడం నా ఉద్యోగం. లోపల వేడిచేసే రాడ్లున్నాయి, నీటిని తిప్పే పంపుంది, గోడ చుట్టూ దళసరి దూది పొర, దాని మీద రేకు ఉన్నాయి. ఆ పొర చుట్టిస్తున్నప్పుడే నేను పట్టుబట్టి పన్నెండు చోట్ల అరచెయ్యి పట్టేంత కిటికీలు పెట్టించాను. నాలుగు దిక్కులా, ఒక్కో దిక్కున మోకాలెత్తులో ఒకటి, నడుమెత్తులో ఒకటి, భుజమెత్తులో ఒకటి. వేడి కొలిచే మీటర్లు ఇన్ని ఉండగా చెయ్యెందుకని మా ఇంజినీరు రెండు రోజులు వాదించాడు. వాదనలో నేను ఎప్పుడూ గెలవను. మొండితనంలో మాత్రం నాకు సాటి లేదు. చివరికి నా పోరు పడలేక ఒప్పుకున్నాడు. ఇక్కడందరూ వాటిని మేడమ్ కిటికీలంటారు. నాకు సిగ్గేస్తుంది. అవి నావి కావు. మంచు అన్నది కంటితో చూడకుండానే బతికిన కుంజా లచ్చయ్యవి.

నేను కూసుమంచి పిల్లను. ఖమ్మంలో బీఎస్సీ చదివి, రెండువేల సంవత్సరం దాటిన ఆ తొలినాళ్ళలో, అశ్వారావుపేట వైపు తోటల మధ్య ఉన్న ఒక చిన్న ప్రైవేటు పామాయిల్ మిల్లులో ల్యాబు ఉద్యోగానికి చేరాను. ఇప్పుడా మిల్లు లేదు. ఇరవైరెండేళ్ళ వయసు, తెల్లకోటు, మెడలో తాడుకు వేలాడే కార్డు. ఆ కార్డును అద్దంలో ఎన్నిసార్లు చూసుకున్నానో చెబితే నవ్వుతారు. అందరూ మేడమ్ అంటుంటే లోకమంతా నా పరీక్షనాళికలోకే ఒదిగిపోయిందనుకున్నాను.

మిల్లు వెనక పెరట్లో, అడవి మొదలయ్యే చోట, నూనె నిలవచేసే ఉక్కు ట్యాంకు ఉండేది. రెండంతస్తుల ఎత్తు. పచ్చి పామాయిల్‌తో ఒక చిక్కుంది. మన చలికాలం చలికే అది పేరుకుపోతుంది. అందుకే ట్యాంకు అడుగున ఇనుప గొట్టాన్ని చుట్టలు చుట్టలుగా పరిచి, అందులోకి బాయిలర్ నుంచి ఆవిరి పంపేవాళ్ళు. ఎండాకాలం, వానాకాలం తోటల నుంచి పామాయిల్ గెలలు దండిగా వస్తాయి, బాయిలర్ రోజూ మండుతుంది, ఆవిరికి కొదవుండదు. చలికాలంలో గెలలు రావు. బాయిలర్ రెండు మూడు రోజులకోసారి వెలిగిస్తారు. అంటే నూనెకు వేడి ఎప్పుడు కావాలో సరిగ్గా అప్పుడే మిల్లులో ఆవిరి ఉండదు. ఈ రెంటి మధ్యా నిలబడి ట్యాంకును కాచుకునే మనిషి లచ్చయ్య.

చర్ల అవతల అడవిలో కోయగూడెం ఆయనది. నలభై అయిదేళ్ళుంటాయి అప్పటికి. సన్నగా, ఎండిన చింతబరికెలా ఉండేవాడు. మొదటిరోజు నేను పెరట్లోకి వెళ్ళేసరికి ట్యాంకు చుట్టూ తిరుగుతూ, ఆగి ఆగి గోడ మీద అరచెయ్యి పెడుతూ కనిపించాడు. మోకాలి దగ్గర ఒకసారి, నడుము దగ్గర ఒకసారి, భుజం దగ్గర ఒకసారి. మళ్ళీ నాలుగడుగులు, మళ్ళీ అదే. నా తండ్రి వయసు మనిషిని, అందరూ పిలుస్తున్నారు కదా అని, పేరు పెట్టి పిలిచాను. ఆ తలపొగరు ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే ఒకటి అంటించుకోవాలనిపిస్తుంది.

"లచ్చయ్యా, అక్కడ మీటరుంది కదా, చేత్తో తడుముతావేంటి?"

ఆయన నన్ను ఎగాదిగా చూడలేదు. మీటరు వైపు చూశాడు. "గా ముల్లు ఒక్కతాన్నే ఉంటది మేడమ్. నూనె అంతట ఉంటది."

"మీటరు తప్పు చెప్తుందా?"

"తప్పు చెప్పది. దాని కాడున్నది చెప్తది. అడివి దిక్కు సంగతి దానికేం తెలుస్తది?" అని, నా చెయ్యి పట్టుకోకుండా, తన చెయ్యి ఎక్కడ పెట్టాడో ఆ చోటు చూపించి పక్కకు జరిగాడు. "పెట్టి చూడుర్రి."

పెట్టాను. నడుమెత్తులో గోడ గోరువెచ్చగా ఉంది. మోకాలెత్తులో చల్లగా ఉంది. చల్లదనం మొదలయ్యే చోటు గీత గీసినట్టు వేళ్ళకు తెలిసింది. "ఆడ దాకా పేరుకున్నది. రేపు మాపు ఆవిరి ఇయ్యకపోతే జానెడు పైకొస్తది," అన్నాడు. నాకు ఆశ్చర్యమేసింది. అయినా ల్యాబుకు తిరిగొచ్చి రిజిస్టరులో మీటరు అంకె రాసుకున్నాను.

డిసెంబరులో ఒకరోజు మధ్యాహ్నం ఆయన పంపుషెడ్డులో జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తింటుంటే నా డబ్బాలోంచి చిక్కుడుకాయ కూర వెయ్యబోయాను. మా అమ్మ చేతి చిక్కుడుకాయ కూరంటే మా చుట్టాల్లో పేరు. ఆయన చటుక్కున రొట్టె వెనక్కి తీసుకున్నాడు. నాకు మొహం మాడిపోయింది. అది గమనించి నవ్వాడు.

"మీ కూర వద్దని కాదు మేడమ్. మాకింక చిక్కుడు పండుగ కాలే. కొత్త కాయ ముందు వేల్పులకు, పెద్దలకు పెట్టాలె. గా తర్వాతనే మేం నోట పెట్టేది."

"ఇక్కడ ఎవరు చూస్తారు?"

"ఎవ్వలు చూడరు," అన్నాడు తేలిగ్గా. "అయినా తినం."

"మరి ఆకలేస్తే?"

"ఆకలేస్తే వేరేది తింటం. చిక్కుడు తప్ప ఏమీ మొలవలేదా ఈ భూమ్మీద?"

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ రోజు నుంచే ఆయనను బాబాయ్ అనడం మొదలుపెట్టాను, ఆయన నన్ను మేడమ్ అనడం మానేసి బిడ్డా అనడం మొదలుపెట్టాడు. ఆ మధ్యాహ్నమే ఆయన తన సంగతి చెప్పాడు. మిల్లులో తొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టు మీద పని. గేటు పక్కన నలుగురు పడుకునే రేకుల గదిలో ఒక మంచం. భార్య ముత్తమ్మ గూడెంలోనే ఉంది. పండుగకూ పబ్బానికీ వెళ్ళి చూసి రావడమే. పర్మనెంటు అయితే మిల్లు వెనక క్వార్టర్సులో ఒక గది ఇస్తారు, అప్పుడు ఆమెను తెచ్చుకోవచ్చు. జనవరిలో కాగితం మీద సంతకం పెడతానని మేనేజరు మాట ఇచ్చాడు. "తొమ్మిదేండ్లు బిడ్డా. గిన్నేండ్లల్ల మేం ఇద్దరం కలిసి తిన్న అన్నం లెక్కపెడితే ఓ ఏడాదికి రాదు," అన్నాడు. బాధగా అనలేదు. వానలు ఆలస్యమయ్యాయని చెప్పినట్టు చెప్పాడు.

అడవి గాలి ట్యాంకుకు తగలకుండా ఆయన పామాయిల్ మట్టలతో పెద్ద దడి అల్లి ఆ దిక్కున నిలబెట్టాడు. పని లేనప్పుడల్లా కూచుని నెలరోజులు అల్లిన దడి. జనవరి మొదట్లో యజమాని బంధువులెవరో మిల్లు చూడడానికి వస్తున్నారని తెలిసి, మేనేజరు దాన్ని పీకించేశాడు. "మిల్లా, గొడ్లపాకా ఇది? బాగుండదయ్యా, తీసెయ్," అన్నాడు. లచ్చయ్య బాబాయ్ మట్టలు విప్పి ఒక పక్కన పేర్చాడు, మళ్ళీ పనికొస్తాయని.

ఆ రెండు రోజులకే ఆయన చిక్కుడు పండుగకు గూడెం బయలుదేరాడు. భద్రాచలం దాకా ఒక బస్సు, చర్ల దాకా ఇంకో బస్సు, అక్కడినుంచి నడక. ఐదు రోజులు సెలవు, మేనేజరు నోటిమాటగా సరేనన్నాడు. ముత్తమ్మకు గది సంగతి చెప్పి, సామాను సర్దుకోమనాలని ఆయన మొహం వెలిగిపోతోంది. బయలుదేరే ముందు నన్ను ట్యాంకు దగ్గరికి పిలిచాడు.

"బిడ్డా, నీకు అప్పజెప్పి పోతున్న. పొద్దున లేస్తనే నాలుగు దిక్కులా చెయ్యి పెట్టు. అడివి దిక్కు నడుము దాకా చల్లగైతే యాకూబ్‌కు చెప్పు, బాయిలర్ ఎలిగించి రెండు గంటలు సన్నగ ఆవిరి ఇస్తడు. ఎక్కువ వద్దు. మీటరు చూసి మోసపోకు."

"నేను చూసుకుంటాను బాబాయ్, నిశ్చింతగా వెళ్ళిరా."

"నీకు కొత్త చిక్కుడు తెస్త," అని సంచి భుజానికేసుకున్నాడు.

మొదటిరోజు అన్న మాట ప్రకారం తిరిగాను. మోకాలు, నడుము, భుజం. నాలుగు దిక్కులూ అయ్యేసరికి బాయిలర్ దగ్గర నుంచి నవ్వులు వినిపించాయి. యాకూబ్, గెలలు దింపేవాళ్ళు ఇద్దరు ముగ్గురు వరసగా నిలబడి చూస్తున్నారు. "మేడమ్, ఎన్ని ప్రదక్షిణలు మొక్కుకున్నరు? పెండ్లి కుదరాలెనా ఏంది?" అన్నాడు యాకూబ్. చెడ్డమనిషి కాదు, నోరే కాస్త వదులు. పెళ్ళికాని పిల్లను. నాకు చెవులు వేడెక్కాయి. తెల్లకోటు వేసుకున్న దాన్ని, ట్యాంకుకు మొక్కుతోందని మిల్లంతా నవ్వుకోవడమా? రెండోరోజు చెయ్యి పెట్టలేదు. మీటరు చూసి నలభై రెండు డిగ్రీలని రాసుకున్నాను. మూడోరోజు చలిగాలి ఈడ్చి కొడుతుంటే పెరట్లోకి పోవడానికే బద్ధకమేసింది. ల్యాబులో కూచుని నలభై ఒకటి రాశాను. నాలుగోరోజు, అయిదోరోజు కూడా నలభై ఒకటే. నా చేతిరాత చాలా బాగుంటుంది. ఆ అంకెలు ముత్యాల్లా ఉన్నాయి.

అయిదోరోజు పొద్దున కాకినాడ నుంచి నూనె తీసుకెళ్ళే ట్యాంకర్ లారీ వచ్చింది. పైపు తగిలించి పంపు వేశారు. పంపు రెండు నిమిషాలు మామూలుగా తిరిగి, తర్వాత రాళ్ళు నములుతున్నట్టు శబ్దం చేసింది. లారీలోకి చుక్క పడలేదు. యాకూబ్ నిచ్చెనెక్కి పైమూత తీసి కర్ర దించాడు. పైన కాస్త నూనె, ఆ కింద కర్ర దిగలేదు. అడుగంతా గట్టిగా పేరుకుపోయింది.

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. బాయిలర్ నిండా పామాయిల్ గింజల పెంకు వేయించి, ఆవిరి వాల్వు పూర్తిగా తిప్పించాడు. గంట గడిచింది. ట్యాంకు లోపలినుంచి ఒక మూలుగు మొదలైంది. పెద్ద జంతువేదో బోనులో ఒత్తిగిలినట్టు గోడ సన్నగా కదిలి టంగుమంది. అందరం వెనక్కి తగ్గాం. సరిగ్గా అప్పుడు గేటులోంచి లచ్చయ్య బాబాయ్ వచ్చాడు, భుజాన సంచితో. మూలుగు విన్నాడు. సంచి షెడ్డు మేకుకు తగిలించి, నేరుగా వెళ్ళి వాల్వు మూసేశాడు.

"ఏయ్, ఎవడు ముయ్యమన్నాడు?" అని మేనేజరు అరిచాడు.

"సారూ, అడుగున కరిగింది ఎటు పోవాలె?" అన్నాడు బాబాయ్, ఆయాసపడుతూనే. "మీద గట్టిగున్నది. కింద కరిగి ఉబ్బుతున్నది. తోవ లేకుంటే గోడను పగలగొడతది. పేరుకున్న నెయ్యిడబ్బా పొయ్యి మీద పెడితే ఏమైతది? అడుగు మాడుతది, పైన గట్టిగనే ఉంటది. ముందు నడుమ ఒక బొక్క కొట్టాలె, కరిగింది పైకి రావాలె."

మేనేజరు పక్కకు జరిగాడు. బాబాయ్ పొడుగాటి ఇనుప గొట్టానికి ఆవిరి రబ్బరు పైపు బిగించి, నిచ్చెనెక్కి, పైమూతలోంచి దాన్ని నిటారుగా దించాడు. గొట్టం మొన దగ్గర నూనె కరిగిన కొద్దీ అంగుళం అంగుళం కిందికి తోశాడు. సాయంత్రానికి గొట్టం అడుగు చుట్టల దాకా దిగింది. అప్పుడు కింది వాల్వు సన్నగా తిప్పించాడు. కరిగిన నూనె ఆ తోవలో పైకి రావడం మొదలైంది. మూలుగు ఆగింది. మొత్తం కరగడానికి నాలుగు రోజులు పట్టింది. తొందరపెడితే నూనె మాడుతుందని రోజుకు కాస్త కాస్తే వేడి పెంచాడు.

ఆ మొదటి సాయంత్రం నిచ్చెన దిగి, చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. మొహమంతా నూనె. మెల్లగా, నాకొక్కదానికే వినపడేట్టు అడిగాడు.

"చెయ్యి పెట్టినవా బిడ్డా?"

"పెట్టిన," అన్నాను. ఆయన భాషలోనే అన్నాను, అలా అంటే ఆ అబద్ధం కాస్త నిజమవుతుందన్నట్టు.

ఆయన నా మొహంలోకి చూశాడు. "పెట్టినవంటే పెట్టినట్టే. మరి నా లెక్కనే తప్పింది," అని వెళ్ళిపోయాడు. తన లెక్కే తప్పిందని నమ్మి వెళ్ళాడు. తొమ్మిదేళ్ళ తన అరచేతిని అనుమానించాడు కానీ నన్ను అనుమానించలేదు. తిట్టినా నాకంత దెబ్బ తగిలేది కాదు.

మర్నాడు మేనేజరు ఆయనను పిలిచాడు. నేనూ అక్కడే ఉన్నాను. "ఎంత పండగైతే మాత్రం ట్యాంకు వదిలేసి పోతావా? నీకు పర్మనెంటు ఎట్లా ఇవ్వమంటావు?" అన్నాడు. బల్ల మీదున్న కాగితాన్ని సొరుగులో పడేసి మూశాడు. సెలవు తానే ఇచ్చానన్న మాట ఎత్తలేదు. ట్యాంకు నాకు అప్పజెప్పానన్న మాట బాబాయ్ ఎత్తలేదు. తల ఊపి, మళ్ళీ నిచ్చెన దగ్గరికి పోయాడు. నేను నోరు మెదపలేదు. నాకింకా ప్రొబేషన్ పూర్తి కాలేదు, మా నాన్న ఊళ్ళో అందరికీ మా అమ్మాయి కెమిస్టని చెప్పుకుంటున్నాడు, ఇలాంటివన్నీ ఆ గదిలో నిలబడి లెక్కవేసుకున్నాను. ఆ లెక్కలో గూడెంలో సామాను సర్దుకుని కూచున్న ముత్తమ్మ కూడా వచ్చి చేరింది. అప్పుడు లెక్క కుదరడం మానేసింది.

మూడోరోజు మధ్యాహ్నం రిజిస్టరు చంకలో పెట్టుకుని మేనేజరు గదికి వెళ్ళాను. "సార్, లచ్చయ్య బాబాయ్ లేని ఆ రోజుల్లో నాలుగు రోజులు నేను చెయ్యి పెట్టలేదు. మూడు రోజులు మీటరు కూడా చూడలేదు. కూచున్న చోటే రాశాను."

ఆయన రిజిస్టరు ముందుకు లాక్కుని అంకెలు చూశాడు. "ఎందుకమ్మా పైకి చెప్పుకుంటావు? చదువుకున్న పిల్లవు. మీటరు చెడిందని రాద్దాం. అతనికేముంది, వచ్చే ఏడు చూద్దాం," అన్నాడు. ఆయన నా మీద జాలితోనే అన్నాడు, అది నాకు తెలుసు. అందుకే ఇంకా కోపమొచ్చింది. అక్కడే పెన్ను తీసి, నా ముత్యాల్లాంటి అంకెల పక్కన మూడుచోట్ల "చూడలేదు" అని రాసి సంతకం పెట్టాను. ఆ రాత మాత్రం ముత్యాల్లా లేదు.

నాకు శిక్ష పడింది. నెలరోజులు ల్యాబులో అడుగుపెట్టకూడదు, పెరట్లో లచ్చయ్య కింద పనిచెయ్యాలి. కాగితం సంగతి యజమాని తేలుస్తాడన్నారు. తెల్లకోటు మడిచి బీరువాలో పెట్టి, మర్నాడు పొద్దున పెరట్లోకి వెళ్ళాను. బాబాయ్‌కు అప్పటికే తెలిసినట్టుంది. "పా," అన్నాడు. ఇద్దరం ట్యాంకు చుట్టూ తిరిగాం, ఆయన ముందు, నేను వెనక. యాకూబ్ ఈసారి నవ్వలేదు. తిరగడమయ్యాక బాబాయ్ షెడ్డులోకి పోయి మేకుకున్న సంచి తీసి నా చేతిలో పెట్టాడు. లోపల చిక్కుడుకాయలు. వాడిపోయి, తొక్కలు ముడతలు పడ్డాయి.

"ఎండినయి. గింజలొల్చి వండుకో. మెత్తగైతయ్," అన్నాడు.

ట్యాంకు పనిలో పడి ఇవ్వడం మరిచిపోయాడో, కావాలనే అన్నాళ్ళు ఆగాడో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగే ధైర్యం ఎప్పుడూ రాలేదు. ఆ సాయంత్రం గదిలో ఆ గింజలు వండుకుని ఒక్కదాన్నే కూచుని తిన్నాను, ఏడుస్తూ తిన్నాను.

ఆ నెలలో నేర్చుకున్నంత నేను కాలేజీలో మూడేళ్ళలో నేర్చుకోలేదు. ఏ వాల్వు ఎంత తిప్పితే ఆవిరి ఎక్కడిదాకా పోతుందో చెవితో చెప్పడం, మట్టలతో దడి అల్లడం కూడా. అవును, దడి మళ్ళీ లేచింది, మేనేజరే లేపమన్నాడు. నేను అల్లిన భాగం చూసి, "గీ వంకర దాంట్లకెళ్ళి ఏనుగు గూడ దూరొచ్చు," అనేవాడు బాబాయ్. నెలాఖరుకు కాగితం మీద సంతకం అయింది. ఆయన దాన్ని మడతపెట్టి చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, ఆ పూట కూడా ట్యాంకు చుట్టూ తిరిగే పని మానలేదు. ఇంకో వారానికి ముత్తమ్మ వచ్చింది, ఒక గంపలో రెండు కోళ్ళు, చేతిలో సొరకాయ బుర్ర, మొహం నిండా బెరుకు. నేను పిన్నీ అని పిలిచేసరికి ఆమె బెరుకు సగం పోయింది. ఆ తర్వాత నేనక్కడున్న నాలుగేళ్ళూ ఎన్ని పూటలు ఆ ఒంటిగది క్వార్టరులో అన్నం తిన్నానో చెప్పలేను. వాళ్ళిద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. ఎదురెదురుగా కూచుని తినేవాళ్ళు, అంతే. అది చూస్తే నా కడుపు నిండేది.

తర్వాత నేను ఊళ్ళు మారాను, ఉద్యోగాలు మారాను, చివరికి ఈ మంచులోకి వచ్చిపడ్డాను. మిల్లు మూతబడ్డాక వాళ్ళు గూడెం వెళ్ళిపోయారు. ఎక్కడున్నా ఏటా జనవరిలో బాబాయ్ దగ్గరనుంచి ఫోను వచ్చేది. చర్ల దాకా నడిచొచ్చి చేసేవాడు. రెండే మాటలు. మొదట "పండుగైంది బిడ్డా, ఇగ చిక్కుడు తిను" అనేవాడు. ఆ ఫోను వచ్చేదాకా నేనూ చిక్కుడు ముట్టకుండా ఉండడం అలవాటు చేసుకున్నాను. మాకు ఆ పద్ధతి లేదు, నన్నెవరూ ఉండమనలేదు కూడా. రెండోమాట, "చెయ్యి పెట్టినవా?" పెట్టిన బాబాయ్ అనేదాన్ని. అన్ని ఏళ్ళూ నిజమే చెప్పాను.

నీళ్ళు గడ్డకట్టకుండా చూసే ఉద్యోగమని మొదట చెప్పినప్పుడు ఆయన నమ్మలేదు. "నీళ్ళు గడ్డకట్టుడేంది బిడ్డా, నన్ను ఆటపట్టిస్తున్నవా?" అన్నాడు. నూనె అడుగునుంచి పేరుకుంటుంది, నీళ్ళు పైనుంచి గడ్డకడతాయని చెప్పాను. పైన గడ్డకట్టి కింద నీళ్ళు లాగేస్తే ట్యాంకు లోపలికి పీల్చుకుపోయి నలిగిపోతుందని చెప్పాను. "అయితే గప్పుడు నూనెకు పైకి తోవ ఇచ్చినం. ఇప్పుడు నీళ్ళను పైకీ కిందికీ కదలనియ్యి. ఊకె నిలబెట్టకు. ఆ నడుమ చెయ్యి పెట్టు," అన్నాడు. లక్షలు పోసి తెప్పించిన పంపు ఇక్కడ చేసేది అదే.

నా మొదటి చలికాలంలో, కిటికీలు పెట్టించకముందు, ఆయన మాట పట్టుకుని తొడుగు లేని చెయ్యి బయటి ఉక్కుకు ఆనించాను. చర్మం అంటుకుని ఊడొచ్చింది. ఆ మచ్చ ఇంకా ఉంది. ఫోనులో చెబితే ముందు కంగారుపడి, తర్వాత తెగ నవ్వాడు. "నేను ఆడిదాకా రాలే గద, నాకేం తెలుసు. గుడ్డ చుట్టుకుని పెట్టు," అన్నాడు.

పోయిన వానాకాలంలో బాబాయ్ పోయాడు. జ్వరమొచ్చింది, వాగు పొంగింది, దవాఖానాకు చేర్చేసరికి ఆలస్యమైంది. నాకు కబురు తెలిసేసరికి అంతా అయిపోయింది. నేను వెళ్ళలేకపోయాను.

ఈ జనవరిలో మెస్సు వంటవాడు రెండుసార్లు చిక్కుడుకాయ కూర చేశాడు. రెండుసార్లూ గిన్నె పక్కకు జరిపాను. ఇక ఏ ఫోనూ రాదని తెలుసు. ఎందుకు జరుపుతున్నానో నాకే తెలియలేదు. మొన్న ఒక పొద్దున, ఇంకా రగ్గులో ఉండగానే ఫోను మోగింది. తెలియని నంబరు. ఎత్తితే గాలి శబ్దం, దూరంగా బస్సు హారను, ఆ వెనక ముత్తమ్మ పిన్ని గొంతు. ఫోనులో మాట్లాడడం ఆమెకు అలవాటు లేదు, పొలంలో అవతలి గట్టు మీదున్న మనిషిని పిలిచినట్టు అరుస్తోంది.

"బిడ్డా, పండుగైంది. ఈ పాలి పెద్దల్ల ఆయనకు గూడ పెట్టినం. ఇగ నువ్వు తిను."

సరే పిన్నీ అన్నానో లేదో గుర్తులేదు. ఆమె కాసేపు ఆగింది. ఫోను పెట్టేసిందేమో అనుకున్నాను.

"ఇంకోటి అడుగుతుండె గద ఆయన, ఏందో చెయ్యి అని. గదేందో నాకు తెల్వది. ఆయన అడిగిండు గావట్టి నేను గూడ అడుగుతున్న. చెయ్యి పెట్టినవా బిడ్డా?"

కిటికీ అద్దానికి లోపలివైపు కూడా మంచు పట్టి ఉంది. బయట ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. పెట్టిన అనడం ఎంత తేలిక. ఆ మాట నా నోటిచివర దాకా వచ్చింది కూడా.

"ఇంక పెట్టలేదు పిన్నీ," అన్నాను. "ఇప్పుడే పోతున్న."

ఫోను జేబులో వేసుకుని, తొడుగుల కోసం మంచం కింద వెతుక్కున్నాను.